ఏడీహెచ్‌డీ: కౌమార, వయోజన దశలపై పరిశోధన చరిత్ర

అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్, క్లుప్తంగా ఏడీహెచ్‌డీ, మెదడు ఎదుగుదలకు సంబంధించిన స్థితి. పట్టిన పని మీద ధ్యాస నిలవకపోవడం, కుదురుగా కూర్చోలేకపోవడం, ఆలోచించేలోపే నోరు జారడం దీని ప్రధాన లక్షణాలు. వయసొస్తే అదే సర్దుకుంటుందని ఇళ్లలోనే కాదు, వైద్యగ్రంథాల్లోనూ చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకం సడలిపోవడమే ఈ పరిశోధన చరిత్రలో అసలు కథ.

1798లో స్కాట్లాండ్ వైద్యుడు అలెగ్జాండర్ క్రిక్టన్ పుట్టుకతో వచ్చే ధ్యాసలోపాన్ని వర్ణిస్తూ, వయసుతోపాటు అది తగ్గుతుందని రాశాడు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ ఉపన్యాసాలు, 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ బెంజెడ్రిన్ మందుతో చేసిన ప్రయత్నం పిల్లల చుట్టూనే తిరిగాయి. 1968 నాటి అమెరికన్ మానసిక వ్యాధుల వర్గీకరణ కూడా కౌమారానికి ఇది తగ్గుముఖం పడుతుందనే చెప్పింది.

పిల్లలతో పాటే పరిశోధన కూడా ఏళ్ల తరబడి నడిచాక చిత్రం మారింది. కెనడాలోని మాంట్రియల్‌లో గాబ్రియెల్ వైస్, లిలీ హెక్ట్‌మన్ తమ దగ్గరికి వచ్చిన చిన్నారులను పెద్దయ్యేదాకా వదలకుండా గమనించారు. పదిహేనేళ్ల తర్వాత చూస్తే మూడింట రెండు వంతుల మందిని ఏదో ఒక లక్షణం ఇంకా ఇబ్బంది పెడుతూనే ఉంది. ఎంతో ఓపికతో చేసిన పని అది. యూటా విశ్వవిద్యాలయంలో పాల్ వెండర్ బృందం 1976లోనే పెద్దలకు మందు ఇచ్చి ఫలితాలు ప్రకటించింది. 1990లో అలాన్ జామెట్కిన్ బృందం 25 మంది పెద్దల మెదళ్లను పరీక్షించి, గ్లూకోజ్ వినియోగం మామూలు వారికంటే తక్కువగా ఉందని చూపింది. వాళ్లంతా చిన్నప్పుడు ఈ లక్షణాలున్నవాళ్లే, ఇప్పుడు అవే లక్షణాలున్న పిల్లల తల్లిదండ్రులు. ఈ స్థితి కుటుంబాల్లో నడుస్తుందని ఆ తర్వాతి జన్యు పరిశోధనలూ బలపరిచాయి.

పెద్దల్లో దీని తీరు వేరు. బయటి పరుగు తగ్గి లోపల అలజడి మిగులుతుంది. బ్యాంకు కిస్తీ తేదీ దాటిపోవడం, మొదలుపెట్టిన పని సగంలో ఆగడం, ఉద్యోగాలు మారుతుండటం, బండి నడిపేటప్పుడు ప్రమాదాలు. అల్లరి చేయకుండా ఊహల్లో మునిగే అమ్మాయిలను బడి గుర్తించలేదు. వాళ్లలో చాలామందికి నిర్ధారణ పెద్దయ్యాకే అందుతోంది. ఆ అమెరికన్ వర్గీకరణకు 2013లో వచ్చిన ఐదో కూర్పు, డీఎస్‌ఎం-5, ఈ తేడాను లెక్కలోకి తీసుకుని, 17 ఏళ్లు నిండినవారికి ఆరు లక్షణాల బదులు ఐదు చాలంది.

2015లో న్యూజిలాండ్ డునెడిన్ అధ్యయనం పెద్ద దుమారమే రేపింది. 1972-73లో పుట్టిన 1,037 మందిని గమనిస్తూ వచ్చిన ఆ బృందం, 38 ఏళ్ల వయసులో ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో 90 శాతం మందికి చిన్నతనంలో అది లేదని తేల్చింది. కొందరిలో దానికి కారణం ఆందోళనో, మత్తుపదార్థాలో కావచ్చని ఇతరులు వాదించారు. చికిత్సలను పోల్చేందుకు ఉత్తర అమెరికాలో 579 మంది పిల్లలతో మొదలైన ఎంటీఏ అధ్యయనపు తర్వాతి ఫలితాలు మరింత నమ్మదగినవిగా కనిపిస్తాయి: పదహారేళ్లలో ఎక్కువమందికి లక్షణాలు తగ్గుతూ, మళ్లీ పెరుగుతూ వచ్చాయి, పూర్తిగా కోలుకుని అలాగే నిలిచినవారు సుమారు 9 శాతమే.

తెలుగు నేల విషయానికొస్తే, పిల్లల మెదడు ఎదుగుదల సమస్యలపై 2018లో వెలువడిన ఇన్‌క్లెన్ సర్వేకు ఎంచుకున్న ఐదు చోట్లలో హైదరాబాద్ ఒకటి. అయితే అది తొమ్మిదేళ్ల లోపు పిల్లలకే పరిమితం. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ లాంటి మండలాల్లో నిర్ధారణకు ఇంకో చిక్కుంది. ఇంట్లో గోండీయో కొలామీయో మాట్లాడే పిల్లవాడు ఆశ్రమ పాఠశాలలో తెలుగు పాఠం వింటూ కిటికీలోంచి బయటకు చూస్తే, అది ధ్యాసలోపమా, భాష అందకపోవడమా? చెప్పింది అర్థంకాక వచ్చే ప్రవర్తనను మాత్రమే చూసి ఏడీహెచ్‌డీ అనకూడదని డీఎస్‌ఎం-5 స్పష్టంగా అంటుంది. లక్షణాలు ఒక్కచోటే కాక ఇంట్లో, బడిలో, పనిలో రెండు చోట్లయినా కనబడాలి. బడికీ ఇంటికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని జైనూర్ మండలంలోని మార్లవాయిలో మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1940లలోనే పట్టించుకున్నాడు. గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం 1943లో అక్కడే మొదలైంది. ఇవాళ పరీక్షించే వైద్యుడు కూడా పిల్లవాడి అమ్మభాషలోనే ప్రశ్నలు అడిగించాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించాల్సిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ ఉంది. దాని పరిధి 18 ఏళ్ల వరకే. ఆ వయసు దాటినవారు మానసిక వైద్యుడిని తామే వెతుక్కోవాలి, లేదా 2022లో మొదలైన టెలీ-మానస్ నంబరు 14416కు ఫోన్ చేయాలి.