మన యాస మీద నవ్వా? మనతో కలిసి నవ్వా?

మాది రామాయంపేట. హాస్యం అనగానే మన సాఫ్ట్‌వేర్ జనాభా అంతా జంధ్యాల పేరే ఎత్తుతారు. నేనూ ఆయన వీరాభిమానినే. పైగా ఆయన మంచి నవలల్ని తెర మీదకి తెచ్చారు. 'శ్రీవారికి ప్రేమలేఖ' (1984) పొత్తూరి విజయలక్ష్మి గారి నవల, 'చంటబ్బాయ్' (1986) మల్లాది గారిది.

కానీ మన హాస్యంతో నాకో పేచీ ఉంది. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు తెలీక ఆడవాళ్ళ టోపీ కొనుక్కుంటే పడీ పడీ నవ్వుతాం. ఆ నవ్వు అతని అమాయకత్వం మీద, గోదావరి మాట మీద కాదు.

మరి సినిమాల్లో తెలంగాణ యాసో? 'ప్రతిఘటన' (1985)లో కోట శ్రీనివాసరావు గారు అద్భుతంగా పలికారు, ఒప్పుకుంటా. కానీ ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ యాసని విలన్‌కో, కమెడియన్‌కో రాసిచ్చేశారు. హీరో హైదరాబాదులో పుట్టినా కృష్ణా జిల్లా భాషే మాట్లాడాలి! "గట్లనా" అంటే చాలు, జోకు అయిపోయినట్టే.

2016లో 'పెళ్ళిచూపులు'తో గాలి కాస్త మారింది, కానీ అక్కడా ఆ యాస హీరో స్నేహితుడిదే. 2021లో 'జాతిరత్నాలు' చూశాక ప్రాణం లేచొచ్చింది. ముగ్గురూ మా పాత మెదక్ జిల్లా జోగిపేటోళ్ళు, ముగ్గురూ హీరోలే. నవ్వంతా వాళ్ళ తిక్క తెలివితేటల మీద, అచ్చం పార్వతీశం టోపీ లాగే.

మొగల్తూరుకి దక్కిన మర్యాద జోగిపేటకి దక్కడానికి 97 ఏళ్ళు పట్టింది.