మూర పూలు, కుండీలో మొక్క: ఉస్మానియా–తార్నాక ప్రాంతంలో ప్రేమ కానుకలు

ప్రేమను పువ్వుతో చెప్పడం ఫిబ్రవరి 14తో పాటు మన కాలేజీలకు వచ్చిన పరాయి అలవాటన్న మాట సభల్లో తరచు వినిపిస్తుంది. పూలు ఇచ్చిపుచ్చుకోవడం అనాదిగా మనదేనన్న జవాబూ అంతే ధాటిగా వినిపిస్తుంది. ఎవరు ఎవరికి ఇస్తున్నారు, పుచ్చుకున్నవారు దాన్ని ఎక్కడ పెట్టుకుంటారు, తెల్లారేసరికి అది ఏమవుతుంది అన్న ప్రశ్నలు మాత్రం ఈ రెండు వాదాలకూ పట్టవు. ఈ వ్యాసం ఆ ప్రశ్నలకే పరిమితం. నా ప్రతిపాదన ఇది: పువ్వు ఇవ్వాలా, మొక్క ఇవ్వాలా అన్నది ఇచ్చేవారి మనసు కన్నా పుచ్చుకునేవారి జాగాను బట్టి, తీరికను బట్టి తేలుతుంది. పువ్వు పుచ్చుకున్నవాళ్లను ఏమీ అడగదు. మొక్క రోజూ అడుగుతుంది.

ఈ పరిశీలనకు ఉస్మానియా ప్రాంగణం, దాన్ని ఆనుకున్న తార్నాక అనువైన చోట్లు. రోడ్డుకు ఒకవైపు హాస్టళ్లు. ఒక గదిలో ఇద్దరో ముగ్గురో. కిటికీ గట్టు మీద పుస్తకాలు, టూత్‌బ్రష్‌లు, ఆరేసిన తువ్వాలు. మరోవైపు 1944లో మొదలై నేడు ఐఐసీటీగా ఉన్న రసాయన ప్రయోగశాల, 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, వాటిలో పనిచేసి రిటైరైనవాళ్లు కట్టుకున్న ఇళ్లు. నంబర్లే పేర్లుగా ఉన్న తార్నాక వీధుల్లో నిన్నమొన్నటి దాకా ప్రతి ఇంటి ముందూ ఒక మందారం, గోడ మీదుగా వాలిన ఒక సన్నజాజి పందిరి ఉండేవి. ఇప్పుడా స్థలాల్లో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. జాగా లేనివాళ్లు, జాగా ఉన్నవాళ్లు, జాగా పోగొట్టుకుంటున్నవాళ్లు ఒకే బస్టాపులో నిలబడే ప్రాంతం ఇది.

మొదట మూర పూల సంగతి. సాయంత్రం తార్నాక కూడలి దగ్గర బుట్ట పెట్టుకున్న పూలమ్మి తడిగోనె కింద మల్లెమాల ఉండచుట్టి దాస్తుంది. అడిగితే కొస పైకి లాగి, మోచేతి దగ్గర మొదలుపెట్టి నడివేలి చివరి దాకా కొలుస్తుంది. ఆ కొలతలో ఎప్పుడూ చిన్న తగాదా ఉంటుంది.

“జర మంచిగ కొలువక్కా, నీ మూర చిన్నగుంది.”

“నా చెయ్యే గింత బిడ్డా, దేవుడు గంతే ఇచ్చిండు.”

ఇంత అన్నాక కూడా ఆమె బెత్తెడు కొసరు వదిలి దారం తెంపుతుంది. కొసరు లేని మూర కొనేవాళ్లకు వెలితే. బజారులో కొన్న వస్తువులోనే అమ్మినామె ఇచ్చిన కానుక కలిసిపోవడం ఆర్థికశాస్త్రం పట్టించుకోవలసిన విషయం. మల్లె సాయంత్రం విచ్చుకునే పువ్వు కనుక మాల కొనేటప్పటికి చాలా భాగం మొగ్గలే. ఇంటికి చేరేలోగా విచ్చుకుంటాయి. కొన్నప్పటికన్నా ఇచ్చినప్పుడు విలువ పెరిగే సరుకులు లోకంలో ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు గానీ మల్లెమాల ఒకటి.

ఇంటికి చేరిన మాల ఒకరి దగ్గర ఆగదు. భర్త తెచ్చిన రెండు మూరల్లోంచి ఇల్లాలు కాస్త తుంచి కూతురి జడలో తురుముతుంది, ఇంకాస్త తుంచి దేవుడి పటానికి పెడుతుంది, పక్కింటావిడ వస్తే ఆమెకూ ఒక తునక. ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త మార్సెల్ మౌస్ 1925లో కానుక మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు బాధ్యతల గురించి చెప్పాడు. మన మాలలో నాలుగోది ఉంది: తుంచి పంచడం. బొకేకు ఈ గుణం లేదు. అందులోంచి రెండు పూలు తీసి ఇంకొకరికిస్తే బొకే పాడైందంటారు. మాల తుంచితే రెండు మాలలవుతాయి. ప్రేమ ఇద్దరి మధ్యే ఉండాలన్న భావన బొకేకు సరిపోయినంతగా మాలకు సరిపోదు. హాస్టల్లో చూసినా అంతే. ఒకమ్మాయికి ఎవరో ఇచ్చిన మూర మల్లెలు రాత్రి భోజనాల వేళకు నాలుగు జడల్లో కనిపిస్తాయి. ఎవరిచ్చారన్న రహస్యం మాత్రం ఒక్క జడలోనే ఉంటుంది.

గులాబీ కథ వేరు. ఒక్కో పువ్వుకు ఒక్కో అర్థం కట్టే పూలభాషల పుస్తకాలు యూరప్‌లో 1819 నుంచి వెల్లువెత్తాయి. ఎర్ర గులాబీ అంటే ప్రేమ అన్న లెక్క మనకు చేరింది ఆ దారినే. హోసూరు ప్రాంతంలో పండే ‘తాజ్‌మహల్’ రకం ఎర్ర గులాబీలు ఫిబ్రవరిలో విదేశాలకు ఎగుమతవుతాయి. ఆ దినుసు పువ్వే ప్లాస్టిక్ తొడుగులో మన కూడళ్లకూ వస్తుంది. మానవశాస్త్రవేత్త జాక్ గూడీ 1993లో వెలువరించిన పూల సంస్కృతి గ్రంథం ఆసియా దేశాల్లో పూల వాడకం ఎంత విస్తృతమో చూపించింది. అందులోని దృష్టిని మన ఊళ్లకు తెచ్చుకుంటే తేడా స్పష్టం. గులాబీ కాడతో సహా చేతికిచ్చే పువ్వు, చూడటానికి, దాచుకోవడానికి. మల్లె, కనకాంబరం ఒంటి మీదికి ఎక్కే పూలు. చేతికిచ్చిన పువ్వు సందేశం. జడలో పెట్టిన పువ్వు స్పర్శ. అందుకే మనవాళ్లు తెలియని ఆడమనిషికి మల్లెలివ్వరు.

ఇక పువ్వుకీ మొక్కకీ మధ్య తగవు. దీన్ని తెలుగు సాహిత్యం ఎప్పుడో పదహారో శతాబ్దంలోనే తేల్చుకోవడానికి కూర్చుంది. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో నారదుడు తెచ్చిన ఒక్క పారిజాతం పువ్వును కృష్ణుడు ఆ సమయానికి తానున్న ఇంట్లో, ఎదుటనున్న రుక్మిణికి ఇస్తాడు. కబురు సత్యభామకు చేరుతుంది. తర్వాత జరిగిన అలక అందరికీ తెలుసు. విమర్శకులు ఆ అలకనూ, అలకలో ఆమె కృష్ణుడికి చేసిన పాదతాడననూ శృంగారరస దృష్టితో ఎంతగానో చర్చించారు. కానీ కానుకల చరిత్ర రాసేవారికి ముఖ్యమైంది కృష్ణుడు చేసిన పరిష్కారం. ఇంకో పువ్వు తెచ్చి ఇస్తే సరిపోదు. అప్పుడు ఇద్దరూ సమానమవుతారు. అందుకని చెట్టునే తెచ్చి సత్యభామ పెరట్లో నాటుతానంటాడు. దానికోసం స్వర్గానికి వెళ్లి ఇంద్రుడితో యుద్ధం చెయ్యాల్సి వస్తుంది. పువ్వు ఇవ్వడానికి క్షణం పట్టింది, చెట్టు ఇవ్వడానికి యుద్ధం కావలసి వచ్చింది. చెట్టు వచ్చాక కథ ఆగదు. సత్యభామ పుణ్యకవ్రతం చేసి, భర్తను ఆ పారిజాతానికే కట్టి నారదుడికి దానమిస్తుంది. పువ్వు పుచ్చుకున్న రుక్మిణి మీద ఏ బాధ్యతా పడలేదు. చెట్టు పుచ్చుకున్న సత్యభామ వ్రతం దాకా వెళ్లింది. పెరట్లో నాటించుకున్న కానుక ఇంటి వ్యవహారాలన్నిటిలోకీ వేళ్లు పోనిస్తుందని తిమ్మనకు బాగా తెలుసు. శ్రీకృష్ణదేవరాయలకూ రాణి తిరుమలదేవికీ వచ్చిన పొరపొచ్చాన్ని సర్దడానికే ఈ కావ్యం రాశాడన్న ఐతిహ్యాన్ని చరిత్రగా తీసుకోనక్కర్లేదు. అలాంటి ఐతిహ్యం పుట్టిందంటే చదివినవాళ్లు దీన్ని కాపురాల కథగా గుర్తించారనే అర్థం.

ఇక్కడ వృక్షశాస్త్రం కూడా కథకు అడ్డురాదు. మన పెరళ్లలో పారిజాతంగా పెంచేది రాత్రి పూసి తెల్లవారేసరికి రాలిపోయే చెట్టు. ఆ పువ్వును కొయ్యనక్కర్లేదు, కింద పడ్డవి ఏరుకోవచ్చు. రాలిన పూలు దేవుడికి పనికివచ్చేది ఒక్క పారిజాతం విషయంలోనే అంటారు. చెట్టున్న ఇల్లు రోజూ పంచగలదు. పువ్వు మాత్రమే దొరికిన ఇంటికి ఆ పూట తప్ప ఏమీ మిగలదు.

ఈ కథకు రంగస్థలం చేర్చిన ముగింపు, ‘శ్రీకృష్ణ తులాభారం’, 1966 సినిమాతో ఇంటింటికీ చేరింది. సత్యభామ నగలన్నీ వేసినా లేవని తూకాన్ని రుక్మిణి తులసిదళం లేపుతుంది. చెట్టు గెలుచుకున్నావిడ ఆకు దగ్గర ఓడిపోవడం మన జనానికి నచ్చిన న్యాయం. పండితులకు అది కొంచెం నాటకీయంగా తోచవచ్చు. నాకూ అలాగే తోస్తుంది. కానీ కానుకను ఖరీదుతో తూచకూడదన్న మాటను అక్షరాలా త్రాసు మీద పెట్టి చూపించిన కథ ఇంతకన్నా సూటిది నాకు కనబడలేదు.

ఉస్మానియాకు ఈ విషయంలో సొంత వారసత్వం ఒకటుంది. ఇక్కడి తెలుగు శాఖకు తొలి దశాబ్దాల్లో ఆచార్యుడైన రాయప్రోలు సుబ్బారావు అమలిన శృంగార సిద్ధాంతానికి ప్రసిద్ధుడు. ఆయన ‘తృణకంకణం’లో పెళ్లితో ఫలించని ప్రేమ స్నేహంగా మారుతుంది, ఆ మార్పుకు గుర్తు ఒక గడ్డిపోచ కంకణం. పువ్వు కాదు, ఆకు కాదు, కాలి కింద పడి ఉండేది. ఎవరూ ఈర్ష్యపడని కానుకను ఆయన వెతికి పట్టుకున్నాడనిపిస్తుంది. 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది మొదలు దాని ముందున్న పచ్చిక మీద కూర్చుని గడ్డి పీకుతూ మాట్లాడుకున్న జంటల్లో ఎందరికి ఈ కావ్యం తెలుసో గానీ, పని మాత్రం అదే.

పువ్వు కొయ్యడం మీద తెలుగువాళ్లకు ఒక బెరుకు కూడా ఉంది. దానికి గొంతు ఇచ్చింది కరుణశ్రీ ‘పుష్పవిలాపం’, దాన్ని ఊరూరా వినిపించింది ఘంటసాల. పూజకు కొయ్యబోయినవాడిని పూలే నిలదీసిన ఆ ఖండిక విన్న తరానికి కుండీలో మొక్క ఇవ్వడం ధర్మంగా తోచడంలో వింత లేదు. 2015లో తెలంగాణలో మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం మొదలయ్యాక సభల్లో బొకే బదులు మొక్క చేతికివ్వడం మర్యాదగా స్థిరపడింది. ప్రాంగణంలో జరిగే సదస్సుల్లోనూ అంతే. వేదిక మీద ఫొటో దిగేదాకా మొక్క అతిథి చేతుల్లో ఉంటుంది. ఆ తర్వాత చాలా మొక్కలు బల్ల కిందికి, అక్కడి నుంచి వరండా మూలకు చేరతాయి. వచ్చిన అతిథికి రైలుంది, విమానముంది. మొక్క పట్టుకుని ఎక్కడికి వెళతారు? బొకే అయితే వాడిపోయినా ఎవరికీ తప్పు అంటదు. మొక్క ఎండితే ఎవరో ఒకరు తప్పు చేసినట్టే. పర్యావరణం పేరుతో మనం అతిథికి ఒక అపరాధం కానుకగా ఇస్తున్నామన్నది నా అభియోగం. హాస్టల్ గదిలో ఉండే ప్రియురాలికి మనీప్లాంట్ కుండీ ఇచ్చే కుర్రాడిదీ ఇదే పొరపాటు. వేసవి సెలవుల్లో దానికి నీళ్లెవరు పోస్తారు?

నిజమైన మొక్క కానుక సభల్లో లేదు, గోడల మీద ఉంది. తార్నాక పాత వీధుల్లో “మీ గులాబీ కొమ్మ ఒకటివ్వండి వదినా” అన్న మాటతో ఎన్ని స్నేహాలు మొదలయ్యాయో! కొమ్మ తుంచి, కొస తడిగుడ్డలో చుట్టి, గోడ మీదుగా అందిస్తారు. కరివేపాకు పిలక, కనకాంబరం నారు, తులసి విత్తులు ఇలాగే నడుస్తాయి. మనీప్లాంటును అడిగి తీసుకోకూడదు, దొంగిలిస్తేనే కలిసొస్తుందన్న సరదా నమ్మకం కూడా ఉంది. గోడ మీదుగా నడిచే ఈ కానుకల్లో అడిగేది పుచ్చుకునే మనిషే. జాగా చూసుకునే అడుగుతుంది. నాటాక బతికిందా లేదా అని ఇచ్చినామె అడగడం, బతికిందని చెప్పడానికి వెళ్లి కాఫీ తాగి రావడం, ఇదంతా కొమ్మతో పాటు వచ్చే పొత్తు. ఇల్లు అపార్ట్‌మెంట్ అయ్యాక గోడ పోయింది, అడిగే సందర్భమూ పోయింది.

ఇంతవరకు చెప్పిన పూల ఔదార్యానికి ఒక చీకటి పార్శ్వం ఉంది. పేరంటంలో పసుపు కుంకుమలతో పాటు పువ్వు ఇచ్చేది ముత్తయిదువకే. భర్త పోయిన స్త్రీకి ఆ పళ్లెం అందదు. నిన్నటిదాకా తుంచి పంచిన మాల ఒక్కరోజుతో ఆమెను దాటి వెళుతుంది. పూలను ప్రేమకు గుర్తుగా చూసే ఏ అధ్యయనమైనా ఈ నిరాకరణను పక్కన పెట్టి మాట్లాడితే అది అలంకారమే తప్ప పరిశోధన కాదు. సరోజినీ నాయుడు 1912 నాటి సంపుటిలో హైదరాబాదు బజార్లను వర్ణిస్తూ, పూలమ్మే అమ్మాయిలు పెళ్లికొడుకుకీ శవానికీ అల్లుతున్నారని గుర్తించింది. వారిద్దరి మధ్య మిగిలిపోయిన స్త్రీకి పువ్వు లేదన్న సంగతి ఆ చిత్రంలో కనిపించదు.

ముత్తయిదువకే పువ్వు అన్న ఆ గీతను కొంత చెరిపింది పూలు పేర్చి ఆడే బతుకమ్మ పండగ. తంగేడు, గునుగు తోటల్లో పెంచే పూలు కావు. బంజరులో, చేల గట్ల మీద వాటంతట అవే పూస్తాయి. అన్నదమ్ములు పొద్దున్నే వెళ్లి కోసుకొచ్చి అక్కచెల్లెళ్లకివ్వడం తెలంగాణ ఊళ్లలో వాడుక. ప్రేయసికి కాక తోబుట్టువుకిచ్చే పూలు ఇవి. వదిన చంపి పాతిపెట్టిన చెల్లెలు తంగేడై మొలిచి, పువ్వు కోయబోయిన అన్నతో మాట్లాడిందన్న కథ కూడా వాడుకలో ఉంది. తెలంగాణ ఉద్యమ కాలంలో ఆర్ట్స్ కాలేజీ ముందు పేర్చిన బతుకమ్మల్లో ఆ తోబుట్టువుల మమకారం రాజకీయ అర్థం సంతరించుకుంది. 2014లో తంగేడు రాష్ట్ర పుష్పమైంది, జమ్మి రాష్ట్ర వృక్షమైంది.

జమ్మి దగ్గరికి వస్తే నా ప్రతిపాదనకు ఒక సవరణ అవసరం. దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారమని పిలుస్తూ పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతారు, ఈడువాళ్లు కౌగిలించుకుని అలయ్ బలయ్ చేసుకుంటారు. ఈ కానుకకు పెరడు అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు. పర్సులో పెట్టుకోవచ్చు, బీరువాలో డబ్బుల మధ్య దాచుకోవచ్చు. మగా ఆడా తేడా లేదు, ముత్తయిదువ కావాలన్న షరతు లేదు. పలకరింపు మానేసిన అన్నదమ్ములు ఆ ఒక్క సాయంత్రం ఆకు ఇచ్చుకోవడానికి ఒకరి గడప ఒకరు తొక్కుతారు. పువ్వు ఏమీ అడగదని, మొక్క రోజూ అడుగుతుందని అన్నాను. జమ్మి ఆకు ఏడాదికోసారి అడుగుతుంది.

అయితే ఆకు అడగని చోట చెట్టు అడుగుతుంది. నగరంలో జమ్మి చెట్లు తక్కువ. పండగ ముందు కొమ్మలకు కొమ్మలు నరికి కట్టలుగా బజారుకు తెస్తారు, గుళ్లలో ఉన్న ఒకటీ అరా చెట్టును పండగ సాయంత్రానికి మోడు చేస్తారు. 2021లో గ్రీన్ ఇండియా ఛాలెంజ్ వారు ఊరూరా, గుడిగుడికీ ఒక జమ్మి నాటే కార్యక్రమం చేపట్టారు. జమ్మి నెమ్మదిగా పెరిగే చెట్టు. ఇప్పుడు నాటిన మొక్క వీధి మొత్తానికి ఆకు పంచే వయసుకు రావాలంటే, నీళ్లు పోసే మనిషి కొన్నేళ్లపాటు ఇల్లు మారకుండా ఆ వీధిలోనే ఉండాలి.