ప్రొపేన్ ట్రాక్టరు: పెట్రోలు నుంచి వచ్చి, తిరిగి పెట్రోలుకే

ఇంధనంగా ప్రొపేన్ కథ మొదలైంది పెట్రోలు ట్యాంకులోనే. 1910లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఒక కారు యజమాని, తాను కొన్న పెట్రోలు ఊరికే ఆవిరైపోతోందని మొరపెట్టుకున్నాడు. ప్రభుత్వ గనుల శాఖలో పనిచేసే రసాయన శాస్త్రవేత్త వాల్టర్ స్నెల్లింగ్ ఆ ఆవిరిని పరీక్షించి, అందులో ప్రొపేన్, బ్యూటేన్ ఉన్నాయని తేల్చాడు. ఆ గ్యాసును తయారుచేసే పద్ధతికి 1913లో పేటెంటు పొందాడు. మన వంటింటి సిలిండరులో ఉండేవి కూడా ఈ రెండే.

ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. అందుకే దాన్ని ఒత్తిడితో ద్రవంగా మార్చి, మందపాటి ఉక్కు ట్యాంకులో నింపుతారు. చమురు, సహజవాయువు పుష్కలంగా దొరికే టెక్సస్, ఓక్లహోమా, కాన్సాస్ రాష్ట్రాల్లో అది చవక. అక్కడి రైతులను దృష్టిలో పెట్టుకుని 1941లో మినియాపొలిస్-మొలీన్ సంస్థ తన యు మోడల్ ట్రాక్టరును ఫ్యాక్టరీలోనే ప్రొపేన్‌కు అమర్చి అమ్మింది. 1950లలో జాన్ డీర్, ఫార్మాల్, ఆలిస్-చామర్స్ అదే దారి పట్టాయి. 1960లలో పేరుమోసిన జాన్ డీర్ 4020 పెట్రోలు, డీజిల్, ప్రొపేన్ మూడు రకాల్లోనూ వచ్చింది.

వీటిలో చాలావరకు పెట్రోలు ఇంజన్లే. ప్రొపేన్ కోసం కొన్ని భాగాలు మార్చారు, అంతే. ప్రొపేన్ ఆక్టేన్ వందకు పైమాటే, ఆనాటి పెట్రోలుది చాలా తక్కువ. కాబట్టి కంప్రెషన్ పెంచారు. ద్రవాన్ని ఇంజను వేడినీళ్లతో ఆవిరి చేసే కన్వర్టరును బిగించారు. ఇంధనం ఆవిరిగానే వస్తుంది కనుక ఇన్‌టేక్ మానిఫోల్డుకు సైలెన్సరు వైపు వేడి తగలకుండా చేశారు. ప్రొపేన్ శుభ్రంగా మండుతుంది, ఇంజనాయిలు తొందరగా నల్లబడదు. కానీ లీటరుకు లీటరు చూస్తే పెట్రోలులోని శక్తిలో ముప్పాతిక వంతే ఉంటుంది.

డీజిల్ ఇంజను కుదురుకున్నాక దీని రోజులు తీరాయి. తక్కువ ఇంధనంతో ఎక్కువ పని, మామూలు రేకు ట్యాంకు, ఎక్కడైనా దొరికే సరుకు: రైతుకు అంతకంటే ఏం కావాలి? నేటికి మిగిలిన ప్రొపేన్ ట్రాక్టర్లకు ఇంధనం నింపించడమే పెద్ద పని. అక్కడ ఇళ్లను వెచ్చబరచడానికి వాడే ప్రొపేన్ ట్యాంకులు పైనుంచి ఆవిరినే ఇస్తాయి. ట్రాక్టరులో నింపడానికి ద్రవం కావాలి. అందుకే చాలామంది పెట్రోలుకు మళ్లిస్తున్నారు.

మళ్లించడమంటే నాడు మార్చినవాటిని ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పడం. అదే మోడల్ పెట్రోలు ట్రాక్టరు విడిభాగాల పుస్తకమే ఇందుకు దారి చూపుతుంది. కార్బురేటరు మార్చి ఊరుకుంటే చాలదు. పెట్రోలు తుంపరలుగా వస్తుంది, ఆవిరి కావడానికి వేడి కావాలి. చల్లటి మానిఫోల్డు ఉంచేస్తే చలికాలంలో ఇంజను తడబడుతుంది. కాబట్టి పెట్రోలు మానిఫోల్డు పెట్టాలి. స్పార్క్ ప్లగ్గులు, టైమింగు పెట్రోలు మోడల్ లెక్క ప్రకారం సరిచేయాలి. కన్వర్టరు తీసేశాక దాని నీటి గొట్టాల దారులు మూసేయాలి. పెట్రోలు తనంతట తాను కిందికి దిగేలా ట్యాంకు కార్బురేటరుకన్నా ఎత్తులో ఉండాలి, లేదా పంపు అమర్చాలి. కంప్రెషన్ పెంచడానికి వేసిన పిస్టన్లు మాత్రం చాలాసార్లు మార్చనక్కర్లేదు. నేటి పెట్రోలు ఆక్టేన్ మెరుగైంది కనుక పెరిగిన కంప్రెషన్‌ను తట్టుకుంటుంది. ఇంజనులో టకటకమనే చప్పుడు (నాక్) వస్తే టైమింగు కొంచెం వెనక్కి జరపాలి, లేదా ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు వాడాలి.

అన్నిటికంటే ముఖ్యం పాత ట్యాంకు. అందులోని గ్యాసును తెలిసిన గ్యాసు పనివాడి చేతే ఖాళీ చేయించాలి. దాని దగ్గరికి వెల్డింగు మంట తీసుకుపోకూడదు, ఖాళీ అయిందనుకున్నా సరే. విప్పిన కన్వర్టరును, కార్బురేటరును, మానిఫోల్డును తుక్కుకు వేయకండి. చీటీ కట్టి భద్రపరచండి. ఫ్యాక్టరీ ప్రొపేన్ ట్రాక్టర్లు ఏటేటా తగ్గుతున్నాయి. రేపు ఎవరైనా మీ ట్రాక్టరును మొదటి రూపానికి తేవాలంటే ఆ భాగాలే ఆధారం.