6 మిల్లీమీటర్ల అతుకు

1980 మార్చి 27, గురువారం సాయంత్రం. ఉత్తర సముద్రంలో నార్వే వారి ఎకోఫిస్క్ చమురు క్షేత్రం. హోరుగాలి, వాన, మంచుతెర. పక్కనే ఉన్న ఎడ్డా ప్లాట్‌ఫాం మీద పని ముగించినవాళ్లు ‘అలెగ్జాండర్ కీలాండ్’కు చేరుకున్నారు. ఐదు తేలే కాళ్ల మీద నిలిచిన ఈ రిగ్గును చమురు తవ్వకానికని కట్టారు. వాడుతున్నది మాత్రం కార్మికుల బసగా. అందులో 212 మంది. కొందరు భోజనాల గదిలో, కొందరు చిన్న సినిమా హాల్లో.

ఆరున్నర ప్రాంతంలో ఫెళ్లుమంది. రిగ్గంతా వణికింది. పెద్ద అల తగిలిందేమో అనుకునేలోపే నేల ఒరగసాగింది. బల్లలు, కుర్చీలు, మనుషులు కలిసి ఒకే మూలకు జారిపోయారు. ‘డి’ అనే కాలు విరిగి కొట్టుకుపోయింది. లంగరు తాళ్లు తెగాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి ఆపినంతసేపే ప్రాణాలు దక్కించుకునే అవకాశం. లైఫ్‌బోట్లు ఏడున్నాయి. కానీ బరువు వేలాడుతుండగా దింపిన వాటిలో చాలావాటి కొక్కేలు విడివడలేదు. అలలు పడవల్ని రిగ్గు కాళ్లకేసి బాదాయి. అరగంట తిరక్కుండానే ఆ తాడూ తెగి, రిగ్గు తలకిందులైంది. 123 మంది చనిపోయారు.

విచారణ సంఘంలో ట్రోండ్‌హైమ్ సాంకేతిక విశ్వవిద్యాలయ ఆచార్యుడు టోర్‌గెయిర్ మోన్ కూడా ఉన్నారు. పగిలిన ఉక్కును పరీక్షిస్తూ పోతే దారి డి-6 అనే బ్రేసు దగ్గరకు తీసుకెళ్లింది. అది కాలిని రిగ్గుకు కలిపి పట్టి ఉంచే, 2.6 మీటర్ల వ్యాసం గల ఉక్కు గొట్టం. నీటి అడుగు శబ్దాలు పట్టే హైడ్రోఫోన్‌ను బిగించడానికి దానికి రంధ్రం కోసి, చిన్న గొట్టాన్ని 6 మిల్లీమీటర్ల వెల్డింగుతో అతికారు. పగులు పుట్టింది ఆ అతుకు దగ్గరే. పగులు లోపల రంగు మరకలు కనిపించాయి! అంటే, ఫ్రాన్సులో రిగ్గుకు రంగు వేసేనాటికే అక్కడ పగులుంది. 1976లో పని మొదలైనప్పటి నుంచి ప్రతి అలా దాన్ని వెంట్రుకవాసి సాగదీస్తూ వచ్చింది. ఇంజినీర్లు దీన్నే ఫెటీగ్ అంటారు. గొట్టం చుట్టుకొలతలో మూడింట రెండు వంతులకు పైగా చీలాక బ్రేసు తెగింది. దాని భారం మీద పడి, ‘డి’ కాలిని పట్టి ఉంచిన మిగతా ఐదు బ్రేసులూ వరసగా విరిగాయి.

బరువు మోసే భాగం కాదన్న భావనతో ఆ చిన్న అతుకును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఈ కథలో నన్ను ఎక్కువగా బాధించేది అదే. సముద్రానికి మాత్రం ముఖ్యమైన అతుకు, అప్రధానమైన అతుకు అన్న తేడా లేదు.

అంతకంటే పెద్ద ప్రశ్న ఒకటి మిగిలింది. ఒక్క బ్రేసు పోతే రిగ్గంతా ఎందుకు పోవాలి? అలకూ గాలికీ ప్రతి భాగం తట్టుకుంటుందా అని అప్పటి లెక్కలు చూసేవి. ఏదైనా భాగం ముందే పోయి ఉంటే ఏమిటన్నది అడిగేవి కావు. మోన్ ఆ తర్వాత దశాబ్దాల పాటు పగుళ్లు పెరిగే తీరు మీదా, ఏ అతుకును ఎప్పుడు తనిఖీ చేయాలన్న దాని మీదా, దెబ్బతిన్న నిర్మాణంలో మిగిలే బలం మీదా పరిశోధించారు. 1984లో నార్వే పెట్రోలియం డైరెక్టరేట్ కొత్త నియమం తెచ్చింది. అప్పటి నుంచి రూపకర్త ఒక ముఖ్యభాగం పోయిందనుకుని మళ్లీ లెక్క కట్టాలి. ఆ గాయంతోనే రిగ్గు అలల మధ్య కూలకుండా, మునగకుండా నిలుస్తుందని, లోపలివాళ్లు బయటపడే వ్యవధి ఉంటుందని చూపాలి.