కుచందనం

నిఘంటువులు ఒక్కొక్కసారి అన్యాయం చేస్తాయి. అమరకోశం రక్తచందనానికి చెప్పిన పర్యాయపదాలలో 'రంజనము' ఒకటి, 'కుచందనము' మరొకటి. రంజనమంటే రంగు నిచ్చేది. అది సార్థకమైన పేరే. 'కు' శబ్దం మాత్రం హీనార్థకం. శ్రీగంధంవలె పరిమళించదు కనుక ఇది తక్కువరకం చందనమైపోయింది. తిరుపతి కొండ నీడన బతుకుతూ ఏళ్ళ తరబడి ఈ శ్లోకాన్ని పిల్లలకు వల్లె వేయించాను. పేరు లేని వాసనను చెప్పిందే గాని, ఉన్న అందాన్ని చెప్పలేదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణభాగంలోనే. శేషాచలం, పాలకొండ, వెలికొండ శ్రేణులలో, ముఖ్యంగా చిత్తూరు, తిరుపతి, కడప, నెల్లూరు జిల్లాల రాతివాలులే దీని పుట్టిల్లు. ఎదుగుదల బహు నెమ్మది. చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. ఆ చేవముక్కను నీటిలో వేస్తే తేలదు, మునుగుతుంది.

ఈ చెట్లలో కొన్నింటికి మాత్రం చేవలోని నార తిన్నగా సాగక అలలుగా వంగుతుంది. చిత్రిక పట్టిన పలకపై వెలుతురు పడితే ఒక అల మెరుస్తుంది, పక్క అల చీకటిగా కనిపిస్తుంది. పలకను కాస్త కదిపితే మెరుపూ చీకటీ తావులు మార్చుకుంటాయి. బెరడు చూచి ఈ అలను పోల్చలేము. అందుకే దొంగలు మానుకు గొడ్డలితో చెక్కు లేపి లోపలి నారను చూస్తారు. అల లేని చెట్టుకు కూడా ఆ గాయం తప్పదు.

మన పూర్వులు దీనిని దేనికి వాడారు? ఇంటి స్తంభాలకు, సేద్యపు పనిముట్లకు, సానపై అరగదీసి పైపూతలకు, బొమ్మలకు. తిరుపతి యాత్రికులు కొని తీసుకుపోయే ఎర్రకొయ్య దంపతుల బొమ్మలు, తమిళులు మరపాచ్చి అనే బొమ్మలు, దసరా కొలువులో పై మెట్టున కూర్చునేవి. మంచం మాత్రం టేకుతోనో, జిట్రేగితోనో, దీని జ్ఞాతి అయిన వేగిసతోనో చేయించుకున్నారు. ఐరోపా వర్తకులు కూడా 'రంజనము' అన్న పేరునే నమ్మి, ఈ తీరం నుండి దుంగలను రంగుకోసం ఓడల కెత్తారు. పంతొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధంలో కృత్రిమ వర్ణాలు రాగానే ఆ గిరాకీ సన్నగిల్లింది.

కొయ్యను కొయ్యగా చూచినవారు చైనావారు. వారు దీనిని 'జితాన్' అంటారు. చింగ్ వంశపు చక్రవర్తుల సింహాసనాలకు, పీఠాలకు, శయ్యలకు ఇదే శ్రేష్ఠమైన దారువు. ఈ మానుకు లోపల డొల్ల ఏర్పడడం సాధారణం. పెద్ద పలకలు దుర్లభం. అందువల్ల అక్కడి వడ్రంగులు చిన్న ముక్కలనే కుసులుగా, బెజ్జాలుగా చెక్కి, ఇనుపమేకు లేకుండా ఒకదానిలో ఒకటి బిగించేవారు. పైన రంగు పూయడం అవసరం లేదు. గరుకైన గడ్డికాడలతో రుద్ది నునుపు తేల్చి, మైనం పట్టించి తోమితే చాలు. కోసినప్పుడు నారింజ ఎరుపుగా ఉన్న చేవ, గాలి తగిలి ఏళ్ళు గడిచేకొద్దీ ఊదా కలిసిన నలుపుకు తిరుగుతుంది.

బీజింగు రాజప్రాసాదంలో చియెన్‌లుంగ్ చక్రవర్తి తన విశ్రాంత జీవితానికని 1770లలో కట్టించుకున్న మందిరంలో ఈ కొయ్యపని ఉంది. జీర్ణోద్ధరణ 2008లో ముగిసింది. 1999లో ఆ నగరంలోనే ఈ కొయ్యకు ప్రత్యేకంగా ఒక ప్రదర్శనశాల వెలసింది. వారి సంప్రదాయపు మంచాలలో నాలుగు స్తంభాలపై కప్పు నిలిచే రకం ఒకటి ఉంది. అది అచ్చంగా మన పందిరిమంచమే. జపానువారేమో మూడు తంత్రుల షామిసెన్ వాద్యానికి మెడగా ఈ కొయ్యనే కోరుకుంటారు, అందునా అల ఉన్నదానిని.

ఆ కోరిక ఖరీదు ఇక్కడ చెల్లింపయింది. 1995లో ఎర్రచందనం అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలోకి వచ్చింది. 2010లో శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతమయింది. కాని చట్టం కంటె అల బలమైనది. 2013 డిసెంబరులో ఇద్దరు అటవీ అధికారులను ఈ అడవిలో దొంగలు చంపారు. 2015 ఏప్రిల్ 7న ఇక్కడే పోలీసు కాల్పులలో 20 మంది మరణించారు. వారు తమిళనాడు నుండి వచ్చినవారు, అధికులు పేద కూలీలు. ఆ కాల్పులు ఎట్లా జరిగాయన్నది న్యాయస్థానాలదాకా వెళ్ళిన వివాదం. దుంగ చేరవలసిన శయనాగారాన్ని వారిలో ఎవరూ చూచి ఉండరు. పట్టుబడిన దుంగలను ప్రభుత్వం 2014 నుండి అంతర్జాతీయ వేలానికి పెట్టింది. అక్కడా ఉత్తమశ్రేణి అలదే.

మా ఇంటి కొలువులో మా అమ్మ కాలపు ఎర్రకొయ్య జంట ఇప్పటికీ ఉంది. చేతుల స్పర్శకు నల్లబడి, ముక్కులు అరిగిపోయాయి. మొన్న దసరాకు దానిని వెలుతురు పట్టున తిప్పి తిప్పి చూచాను. నార తిన్నగానే ఉంది, అల లేదు. ఎవరి గొడ్డలికీ ఆశ కలిగించని చెట్టు అది. చదువు చెప్పిన రోజులలో ఒక్కసారైనా పిల్లలను అలిపిరి దాటించి ఆ చెట్టు ముందు నిలబెట్టి, కుచందనమంటే ఇదే నాయనా అని చూపించవలసింది. శ్లోకం మాత్రమే అప్పజెప్పించుకున్నాను.