కథలో వినిపించే పాట: మధురవాణి నుంచి వాయులీనం దాకా

ప్రత్యేక సంచికకు పెన్షన్ గురించీ, కరువు భత్యం గురించీ, వైద్య సదుపాయం గురించీ వ్రాయగలవారు మన సంఘంలో చాలామందే ఉన్నారు. వారికి ఉన్న పరిజ్ఞానం నాకు లేదు. పోర్టు ట్రాఫిక్ విభాగంలో పనిచేసినన్నాళ్ళూ నా చేతిలో రెండు రకాల కాగితాలు ఉండేవి. ఒకటి ఓడల సరుకు జాబితా, రెండోది ఏదో ఒక కథల పుస్తకం. మొదటిది ఎలాగూ పదవీ విరమణతో పోయింది. రెండోదాని గురించి నాలుగు మాటలు వ్రాస్తాను. పాఠక మిత్రులు ఓపిక పట్టగలరు.

చాలాకాలంగా నన్ను వెంటాడుతున్న ప్రశ్న ఒకటుంది. అచ్చులో చప్పుడు ఉండదు కదా! మరి కథలో ఎవరో పాడారనో, వీణ మీటారనో చదివినప్పుడు మనకు ఏం వినిపిస్తుంది? కర్ణాటక సంగీతమైతే ఒక రకంగానూ, బైరాగి తత్వమైతే మరో రకంగానూ, సినిమా పాటైతే ఇంకో రకంగానూ ఆ కథ మనకు రుచిస్తుందా? దీనికి జవాబు వెతకడానికి దూరం పోనక్కరలేదు. విజయనగరానికీ విశాఖపట్నానికీ మధ్య ఉన్న అరవై కిలోమీటర్లలోనే కావలసినంత సామగ్రి ఉంది.

ముందుగా గురజాడ వారి కన్యాశుల్కం. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, దాదాపు పూర్తిగా తిరగరాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. ఇది నాటకమే అయినా మన తరంలో దీన్ని చూసినవారికంటే చదివినవారే ఎక్కువ. అందులో మధురవాణి విజయనగరపు వేశ్య. ఆటాపాటా ఆమె వృత్తి. 1909లో ఆ పుస్తకం చదివిన పాఠకుడికి ఆమె సంగీతాన్ని వర్ణించి చెప్పవలసిన పని లేదు. పెళ్ళిళ్ళలో భోగం మేళం చూశాడు, విన్నాడు. ఆమె పేరు చదవగానే చెవిలో జావళీ మోగేది. అదే సమయంలో అలాంటి పాట వినడం మర్యాద కాదని వీరేశలింగం గారి సంస్కరణోద్యమం చెబుతోంది. ఆనందం, అపరాధం రెండూ కలిసి ఆ పాఠకుడిని ఆడించి ఉంటాయి. చివరి అంకంలో మధురవాణి మగవేషం వేసుకుని వెళ్ళినది ఎక్కడికి? మన విశాఖపట్నంలో, వేశ్యల మొహం చూడనని నియమం పెట్టుకున్న సౌజన్యారావు పంతులు గారి ఇంటికి. ఆ సన్నివేశంలోని ఇరకాటమంతా ఆమె వృత్తి నుంచి వచ్చినదే.

దేవదాసీ దురాచారాన్ని నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రంలో 1947లో చట్టం వచ్చింది. రావలసిన చట్టమే. కాని దానితోపాటు ఆ మేళాలూ పోయాయి. ఆ తర్వాత కన్యాశుల్కం చదివినవాళ్ళకు మధురవాణి మాటకారితనం దక్కింది గాని పాట దక్కలేదు. ఆ ఖాళీని 1955లో వచ్చిన సినిమా పూరించింది. మధురవాణిగా సావిత్రి నటించారు, సంగీతం ఘంటసాల సమకూర్చారు. మా ఈడువాళ్ళం ఎంతమందిమి పుస్తకం తెరిచినా మధురవాణి సావిత్రి ముఖంతోనే కనిపిస్తుంది, సినిమా బాణీతోనే పాడుతుంది. ఇది లాభమో నష్టమో నేను తేల్చలేను. పాతకాలపు పాఠకుడు విన్నది మాత్రం ఇది కాదు.

అదే నాటకంలో బైరాగి ఉన్నాడు, తాగుడు మధ్య తత్వాలు ఉన్నాయి. చిత్రం ఏమిటంటే, మధురవాణి పాట మనకు వినపడకపోయినా ఆ తత్వాలు ఇప్పటికీ వినపడతాయి. మా డాకు యార్డులో రాత్రి షిఫ్టులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక కళాసీ ఉండేవాడు. అక్షరం రాదు. ఒకసారి టీ వేళ నేను ఆ రంగం పైకి చదువుతుంటే, తత్వం దగ్గరకు వచ్చేసరికి నా చదువు ఆపించి, "అలా కాదు బాబూ, దీన్ని ఇలా పాడాల" అని తానే అందుకున్నాడు. చుట్టూ ఉన్న పదిమందీ నవ్వడం మాని విన్నారు. గురజాడ వారు వేళాకోళానికి పెట్టిన చోట వాళ్ళకు భక్తి కనిపించింది. ఒకే పేజీ ఒక్కొక్క చెవిలో ఒక్కొక్క రకంగా పలుకుతుందని నాకు ఆ రాత్రే తెలిసింది.

ఇక చరిత్రలో పెద్ద మలుపు 1919. ఆ ఏడు విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల ప్రారంభమైంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. హరికథ అంటేనే కథ, సంగీతం విడదీయరానివి కదా. ఒంటిచేత్తో నవలంత కథను రాగాల మీద నడిపించిన మనిషి ఆయన. ద్వారం వెంకటస్వామినాయుడు గారు బెంగళూరులో పుట్టినా పెరిగినది మన విశాఖపట్నంలోనే. కంటిచూపు సరిగా లేక బడి చదువు సాగలేదు. సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళ్ళినవారిని ఆచార్యులుగా తీసుకున్నారని చెప్పుకుంటారు. 1936లో ఆయనే అధ్యక్షులయ్యారు. పక్కవాద్యంగా కూర్చున్న వయొలిన్‌ను కచేరీకి పెద్దదిక్కు చేసిన ఘనత ఆయనది. ఘంటసాల చదువుకున్నదీ ఆ కళాశాలలోనే.

కళాశాల వచ్చాక సంగీతం భోగం వీధి దాటి ఉద్యోగస్థుల ఇళ్ళలోకి నడిచింది. ఆడపిల్లకు నాలుగు కీర్తనలు రావడం పెళ్ళిచూపుల్లో ఒక అర్హత అయింది. మన అక్కలూ, వదినలూ చాపమీద కూర్చుని పాడిన పాటలు మనం విన్నవే. పెళ్ళయ్యాక వాళ్ళలో ఎంతమంది మళ్ళీ శ్రుతిపెట్టె ముట్టుకున్నారు? సరిగ్గా ఈ ప్రశ్న దగ్గర చాసో కథ నిలబడి ఉంది.

చాగంటి సోమయాజులు గారు (1915-1994) విజయనగరంలోనే జీవితంలో ఎక్కువ భాగం గడిపిన కథకులు. వారి "వాయులీనం" చాలామంది చదివే ఉంటారు. పెళ్ళికి ముందు వయొలిన్ నేర్చుకున్న ఇల్లాలు. సంసారంలో పడ్డాక వాయిద్యం మూలపడింది. ఆమెకు జబ్బు చేసింది. చిన్న జీతగాడైన భర్త వైద్యానికి డబ్బు చాలక ఆ వయొలిన్‌ను అమ్మేశాడు. మనిషి దక్కింది. మిగిలిన డబ్బుతో ఆమెకు చీర కొన్నాడు. అంతే కథ. దుర్మార్గుడు ఒక్కడూ లేడు. భర్త ప్రేమ కలవాడే. అయినా చదవడం ముగించాక గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ఈ కథలో అమ్మినది గొలుసో, గాజులో అయితే ఇంత బాధ కలిగేదా? కలగదని నా అభిప్రాయం. గొలుసు మళ్ళీ చేయించుకోవచ్చు. పోనీ వీణో, హార్మోనియమో అయితే? అప్పుడు కూడా కథ నడిచేది గాని, ఆ రోజుల్లో విజయనగరం పరిసరాల పాఠకుడికి వయొలిన్ అంటే ద్వారం వారు. ఆ మాట చదవగానే ఎవరో ఒకరి కచేరీ, కనీసం ఒక రేడియో కచేరీ చెవిలో మెదులుతుంది. చాసో గారు రాగాల పేర్లతో పాండిత్యం చూపలేదు. ఆ అవసరం ఆయనకు లేదు. పాఠకుడి చెవిలో ఉన్న సంగీతాన్నే వాడుకున్నారు. అది విని ఉన్నవాడికి ఆ ఇంట్లో వచ్చిపడిన నిశ్శబ్దం కూడా వినిపిస్తుంది.

టాల్‌స్టాయ్ "క్రూట్జర్ సొనాటా" కూడా వయొలిన్ కథే. 1889 నాటిది. భార్య పియానో, పరాయివాడు వయొలిన్ కలిసి బీథోవెన్ స్వరరచన వాయించడం చూసి భర్త అసూయతో ఆమెను చంపుతాడు. బీథోవెన్‌ను ఒక్కసారి కూడా వినకుండా ఆ పుస్తకం చదివి నేను భయపడ్డాను. అంటే సంగీతం తెలియకపోతే కథ అర్థం కాదని కాదు. టాల్‌స్టాయ్ ఆ సంగీతం మనిషిని ఏం చేస్తుందో తన పాత్ర చేత విడమరచి చెప్పించాడు. చాసో చెప్పకుండా వదిలేశారు. చెప్పకుండా వదిలిన కథకు ఎరిగిన చెవి కావాలి.

మా మనవరాలికి వాయులీనం చదవమని ఇచ్చాను. తెలివైన పిల్ల, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చదివి, "మంచి కథే తాతయ్యా, కాని ఆవిడ బతికింది కదా, వయొలిన్ మళ్ళీ కొనుక్కోవచ్చుగా?" అంది. పిల్లను తప్పుపట్టను. తన చెవిలో ఉన్న వయొలిన్ సినిమా నేపథ్య సంగీతంలో వందమంది కలిసి వాయించేది. ఒక్క మనిషి, ఒక్క వాద్యం, సాయంత్రం వేళ ఒక చిన్న గదిలో ఎలా ఉంటుందో తను వినలేదు. తమిళంలో కొత్తమంగళం సుబ్బు గారి "తిల్లానా మోహనాంబాళ్" ఆనంద వికటన్‌లో ధారావాహికగా వచ్చిన నాడు, నాదస్వరం ప్రతి గుడిలో వినిపించేది. పాఠకులు వారం వారం ఎదురుచూశారంటే అందులో ఆ నాదస్వరం వాటా కూడా ఉంది.

ఒక్క లోటు మాత్రం చెప్పి తీరాలి. మన ఉత్తరాంధ్రలో జముకుల కథ ఉంది, తప్పెటగుళ్ళు ఉన్నాయి. హిందుస్థాన్ షిప్‌యార్డులో పనిచేస్తూ పాటకట్టిన వంగపండు ప్రసాదరావు గారు (1943-2020) మన ఊరి మనుషులకు కొత్తకాదు. షిప్‌యార్డు గేటు ముందు ఆ జానపద బాణీ విన్న కార్మికులు వేలమంది ఉంటారు. ఆ చెవి కోసం వ్రాసిన కథలు మాత్రం నేను చదివినంతలో బహు తక్కువ. మా కళాసీ వంటివాడికి బైరాగి తత్వం ఇచ్చినంత ఆనందం ఇవ్వగల కథ ఉక్కు నగరం మీద, డాకు యార్డు మీద రావలసే ఉంది.

కార్యవర్గానికి ఒక మనవి. నెలవారీ సమావేశంలో ఎజెండా ముగిశాక అరగంట మిగులుతూనే ఉంటుంది. ఒక నెల వాయులీనం పైకి చదువుదాం. మన సభ్యుల్లో వయొలిన్ వాయించేవారు ఇద్దరున్నారని తెలుసు. వారిలో ఒకరు చదువుకు ముందు పది నిమిషాలు వాయిస్తే చాలు. మనవలనూ, మనవరాళ్ళనూ వెంటబెట్టుకుని రండి. చదివే పని నేను చేస్తాను; కళ్ళద్దాలు ఈమధ్యనే మార్చాను.