చైన్‌సా క్లచ్ బిగుసుకుపోయిందా? క్రాంక్ చెడకుండా ఊడదీసే విధానం

మామిడి కొమ్మల కత్తిరింపునకు, సరుగుడు, జామాయిల్ కోతకు చాలామంది రైతులు పెట్రోల్ చైన్‌సా వాడుతున్నారు. క్లచ్ స్ప్రింగ్ తెగినా, చైన్ తిప్పే పళ్లచక్రం అరిగినా సాధారణంగా క్లచ్ ఊడదీయాల్సి వస్తుంది. ఎంత బలంగా తిప్పినా అది కదలకపోతే, ముందుగా మీరు తిప్పే దిశ సరైనదేనా అని చూసుకోండి.

ఎందుకు బిగుసుకుంటుంది?

చాలా చైన్‌సాలలో క్లచ్‌కు రివర్స్ మర ఉంటుంది. ఇంజిన్ నడిచేకొద్దీ క్లచ్ తనంతట తానే ఇంకా బిగుస్తుంది. కాబట్టి ఊడదీయాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. మామూలు నట్టులా తిప్పితే మరింత బిగుసుకుంటుంది. కొన్ని క్లచ్‌లపై ఊడే దిశను చూపే బాణం గుర్తు ఉంటుంది.

ఊడదీసే పద్ధతి

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ట్యాంకులోని పెట్రోల్ తీసేయండి. చైన్ బ్రేక్ వదిలి, పక్క మూత, చైన్, బార్ తీయండి. డ్రమ్ము బయటి వైపున ఉన్న మోడళ్లలో లాక్ క్లిప్పు, వాషరు తీసి ముందు డ్రమ్మును తీయాలి.

2. స్పార్క్ ప్లగ్ చుట్టూ ఉన్న పొట్టు, దుమ్ము తుడిచి ప్లగ్ తీయండి.

3. స్టార్టర్ తాడు మెల్లగా లాగుతూ ప్లగ్ రంధ్రంలోంచి చూడండి. పిస్టన్ పైకి వస్తూ, పొగ బయటకు పోయే రంధ్రాన్ని దాటి మూసేశాక ఆపండి. అంతకుముందే తాడు పెడితే ఆ రంధ్రంలో ఇరుక్కుని తెగవచ్చు.

4. శుభ్రమైన నైలాన్ తాడు చివర ముడి వేసి బయటే ఉంచండి. రెండో చివరను రంధ్రంలోంచి పట్టినంత లోపలికి పంపండి. పిస్టన్ ఈ తాడుకు ఆనుకుని ఆగుతుంది.

5. క్లచ్‌కు సరిపోయే సాకెట్ లేదా దాని ప్రత్యేక స్పానర్‌ను గడియారం ముల్లు దిశలో తిప్పండి. కదలకపోతే పొడవాటి హ్యాండిల్‌తో గట్టిగా లాగండి.

6. అప్పటికీ రాకపోతే తుప్పు వదిలించే నూనెను మర దగ్గర కొద్దిగా వేసి రాత్రంతా ఉంచి మళ్లీ ప్రయత్నించండి.

చేయకూడనివి

• పిస్టన్‌ను ఆపడానికి స్క్రూడ్రైవర్ పెట్టకండి. పిస్టన్‌కు రంధ్రం పడవచ్చు.
• ఫ్లైవీల్ రెక్కలను పట్టి ఆపకండి. రెక్కలు విరుగుతాయి. కీ తెగితే నిప్పురవ్వ పడే సమయం తప్పి ఇంజిన్ స్టార్ట్ కాదు.
• ఉలి, సుత్తితో కొట్టకండి. క్రాంక్ వంగితే మరమ్మతు ఖర్చు క్లచ్ ధరను మించిపోతుంది.
• మంటతో వేడి చేయకండి. క్లచ్ వెనుక రబ్బరు ఆయిల్ సీల్ ఉంటుంది. పెట్రోల్ ఆవిరి అంటుకునే ప్రమాదమూ ఉంది.

తిరిగి బిగించే ముందు

క్లచ్ షూలు, స్ప్రింగులు, డ్రమ్ము పరిశీలించండి. పళ్లచక్రంపై చైన్ రాపిడి గాడి సుమారు 0.5 మి.మీ. దాటితే చక్రం మార్చాలి. షూలకు నూనె అంటకుండా తుడవండి, లేదంటే క్లచ్ జారుతుంది. సూదుల బేరింగుకు కొద్దిగా గ్రీజు పెట్టండి. బిగించేటప్పుడు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పాలి. పని అయ్యాక తాడు తీయడం మరవకండి.

చివరగా ఇంజిన్‌ను ఐడిల్‌లో నడిపి చూడండి. యాక్సిలరేటర్ నొక్కకుండా చైన్ తిరగకూడదు. తిరిగితే వెంటనే ఆపేయండి. ఐడిల్ వేగాన్ని, క్లచ్ స్ప్రింగులను సరిచూసే వరకు ఆ యంత్రంతో చెట్టెక్కడం గానీ, కొమ్మ కోయడం గానీ చేయకండి.